ఆత్మకూరులో నా క్రియాటినిన్

మా ఇంట్లో నన్ను అనుమానం మనిషి అంటారు. నేను కాదనను. పాల ప్యాకెట్ మీద తేదీ చూడకుండా కత్తిరించను. బోర్డు చదివి ఎక్కినా సరే, ఈ బస్సు ఆత్మకూరే పోతుందా అని లోపల ఇద్దరినైనా అడుగుతాను. ఎవరైనా ఉన్నట్టుండి ప్రేమ ఒలకబోస్తే, వీళ్లకిప్పుడు నాతో ఏం పని పడిందో అని చూస్తాను. ఇది నా పుట్టుబుద్ధి అని అమ్మీ అంటుంది. కాదు, షుగర్‌తో వచ్చిన బుద్ధి అని నేనంటాను. నాకు తొమ్మిదో ఏట షుగర్ వచ్చింది. పెద్దవాళ్లకు వచ్చే రకం కాదు, ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయే రకం. అప్పటి నుంచి రోజూ సూదులే. ఎవరు ఏం పెట్టినా ఇందులో ఏం వేశారు, ఎంత వేశారు అని అడిగి తినాలి. అడక్కుండా తింటే నా రక్తం నన్ను పట్టిస్తుంది. అడిగీ అడిగీ అదే నా స్వభావమైపోయింది.

మాది ఉదయగిరి. అబ్బా కట్టెతో గరిటెలు, స్పూన్లు చెక్కుతాడు. మా ఇంటి ముందు గదిలో ఎప్పుడూ చెక్కపొట్టు ఉంటుంది. అబ్బా చెక్కినవాటికి అమ్మీ నునుపు పడుతుంది. వంట మాత్రం దాదీది. దాదీ అంటే అబ్బా వాళ్లమ్మ. ఇంకెవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వదు. మేం ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు కలిపి మాట్లాడుకుంటాం. ఇక్కడ అందరి మాటలూ తెలుగులోకే దించుతున్నాను.

నా షుగర్ చూసే డాక్టరు ఆత్మకూరులో ఉంటాడు. మూడు నెలలకోసారి అమ్మీ, నేను దుత్తలూరు మీదుగా పోయే బస్సెక్కి వెళ్తాం. మొదట్లో ఎన్నో ఏళ్లు పరగడుపున రావాలనేవాడు. దాదీకి అదొక పెద్ద బాధ. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా మంచో చెడో తేలే పని మీద ఊరు దాటుతున్నారంటే, అది పరీక్ష కానీ, కోర్టు వాయిదా కానీ, ఆస్పత్రి కానీ, పొద్దున్నే మటన్ వండి, సాంబ్రాణి వేసి, అబ్బా చేత ఖురాన్‌లోని ఫాతెహా చదివించి, ఆ చదివిన తిండి మొదటి ముద్ద ప్రయాణమయ్యే మనిషికి పెట్టాలి. పెట్టకుండా పంపితే పని చెడుతుందని దాదీ నమ్మకం. నేను ఖాళీ కడుపుతో గడప దాటుతుంటే ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని.

నాకు పద్దెనిమిది నిండాక డాక్టరు మాట మార్చాడు. ఇక మూడు నెలల సరాసరి చూపించే పరీక్ష చేస్తాం, దానికి పరగడుపు అక్కర్లేదు, తిని రావచ్చు అన్నాడు. ఇంటికొచ్చి చెబితే దాదీ రెండు చేతులూ పైకెత్తి ఆ డాక్టరుకు దువా చేసింది. తర్వాతిసారి మేం ఆత్మకూరు పోయే రోజు తెల్లారకముందే ఇంట్లో మసాలా వాసన. కట్టెల పొయ్యి మీద, సన్నటి మంట మీద, ముక్క ఎముకను వదిలి జారిపోయేదాకా ఉడికిన మటన్ షేర్వా, పల్చటి మాంసం పులుసు. మా అందరికీ తెలిసిన సంగతి ఏమిటంటే మాంసంలో షుగర్ లేదు. డాక్టరే ఎప్పుడో అన్నాడు, అన్నం తగ్గించు, మాంసం పరవాలేదు అని. ఇన్సులిన్ వేసుకుని, ఒక్క దోసె తీసుకుని, గిన్నెలకు గిన్నెలు షేర్వా తాగాను. లెక్క చూసుకోకుండా, అనుమానం లేకుండా నేను కడుపునిండా తినేది అదొక్కటే.

ఆ రోజే డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. షుగర్ వచ్చి ఇన్నేళ్లయింది కాబట్టి ఇకనుంచి కిడ్నీలు కూడా చూస్తుండాలి, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చేయించు అన్నాడు. రెండేళ్ల కిందట ఒకసారి చేసినప్పుడు క్రియాటినిన్ సున్నా పాయింట్ ఎనిమిది ఉంది. ఈసారి ఒకటి పాయింట్ రెండు వచ్చింది. డాక్టరు రిపోర్టు చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్లజోడు శుభ్రంగానే ఉంది, నేను చూశాను.

"ఏంది సార్ అది?" అని అడిగాను.

"క్రియాటినిన్ అంటే కండరాల్లో తయారయ్యే చెత్త అనుకో. కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రంలో పంపించేస్తాయి. రక్తంలో అది పెరిగిందంటే వడకట్టే పని నెమ్మదించిందేమో అని అనుమానించాలి. కండ ఎక్కువున్న వాళ్లకు మామూలుగానే కొంచెం ఎక్కువుంటుంది" అని నా చేతుల వైపు చూశాడు. నావి పుల్లల్లాంటి చేతులు. ఆ మాట అక్కడే వదిలేశాడు. "ఏం కాదులే, నెలాగి మళ్లీ చూద్దాం" అన్నాడు.

డాక్టరు ఏం కాదులే అన్నాడంటే ఏదో అయిందన్నమాట. బస్సులో అమ్మీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మా ఇద్దరి మనసుల్లోనూ ఉన్నది ఒక్కడే. మా చిచ్చా, అంటే అబ్బా తమ్ముడు. లారీ తోలేవాడు. ఆయనకు పెద్దవాళ్లకు వచ్చే షుగర్. మందులు సరిగా మింగేవాడు కాదు. కిడ్నీలు పోయి, వారానికి రెండుసార్లు నెల్లూరు పోయి రక్తం శుద్ధి చేయించుకుని, ఉబ్బిన కాళ్లతో మా ఇంటి ముందు గదిలో, ఆ చెక్కపొట్టు మధ్యలోనే నులకమంచం మీద పడుకుని ఉండేవాడు. ఆయన పోయినప్పుడు నాకు పన్నెండేళ్లు. అప్పుడే ఎవరో చుట్టాలావిడ నన్ను చూసి, షుగరున్న వాళ్లందరూ ఆఖరికి ఇంతే గదా అంది. నేను వినలేదనుకుంది. ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని నాకు వచ్చిన భయం అదే. పంతొమ్మిదేళ్లకే నా కిడ్నీలు పోతున్నాయా?

భయమేస్తే కొందరు ఏడుస్తారు. నాకు భయమేస్తే అనుమానం పెరుగుతుంది. ముందు ల్యాబు మీద పడ్డాను. ఆ రోజు నా ముందు ఒక ముసలాయన రక్తమిచ్చాడు. ఆయన ట్యూబు మీద పేరు రాయకముందే నన్ను పిలిచారు. ఆయన రక్తం నాదైంది, నాది ఆయనదైంది, నా మంచి కిడ్నీలు చూసుకుని ఆ ముసలాయన ఇంట్లో పండగ చేసుకుంటుంటాడు అని అమ్మీతో గట్టిగా వాదించాను. అది కాదనిపించాక, కావాలనే ఎక్కువ రాసి నెల్లూరు పెద్దాస్పత్రులకు తోలే ఏర్పాటేమో అనుకున్నాను. వీధిలో వాళ్లు మాత్రం నీళ్లను అనుమానించారు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పళ్లు పచ్చబడతాయి, ఎముకలు వంగుతాయి, కిడ్నీలు కూడా దాంతోనే పోతుంటాయి అన్నారు. మరి మీరూ అవే నీళ్లు తాగుతున్నారు కదా అంటే మాట మార్చారు.

అమ్మీ ఏమో నన్ను అనుమానించింది. నెలసరి నొప్పికి నేను దొంగతనంగా బిళ్లలు మింగుతున్నానని ఆమెకు ఎప్పటినుంచో గట్టి నమ్మకం. ఆ బిళ్లలు కిడ్నీలకు చెడ్డవని ఎవరో చెప్పారట. ఒకరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి నా కాలేజీ బ్యాగు మంచం మీద బోర్లా పడి ఉంది.

"ఏందమ్మీ ఇది?"

"ఏం మింగతా ఉండావో చెప్పు. నేను కొట్టను."

"నేనేం మింగలా. నువ్వే నా కూరల్లో ఏందో కలపతా ఉండావు. పోయినేడు సీతారామపురం కాణ్ణించి ఆకు పొడి తెచ్చినావు గదా, షుగర్ పోతాదని. అది యాడ దాచినావు?"

"అది అప్పుడే పారేసినాను."

"చూపించు పారేసింది."

పారేసింది ఎట్లా చూపిస్తారు అని అడగకుండా అమ్మీ మూలకు కూర్చుని ఏడ్చింది. అబ్బా మా ఇద్దరినీ చూసి ఉలి కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. నేను మంచినీళ్లు తాగుతుంటే అబ్బా నా పాదాల వైపు చూసేవాడు. వాపు ఉందేమోనని. చిచ్చాకు కూడా మొదట వాపు పాదాల్లోనే వచ్చింది. ఆ చూపు నాకు ఎంత కోపం తెప్పించేదో చెప్పలేను. నేను సాక్సు వేసుకుని తిరగడం మొదలుపెట్టాను, ఎండాకాలంలో.

ఆ నెలలోనే అబ్బా వింజమూరులో ఒక కొట్టుకు గరిటెలు ఇవ్వడానికి పోతుంటే నేనూ వెంటపడ్డాను. ఉదయగిరిలో పరీక్ష చేయిస్తే ఊరంతా తెలుస్తుంది, వింజమూరులో మనమెవరో ఎవరికీ తెలియదు అని నా ఎత్తు. మధ్యాహ్నం సాంబారన్నం తిని, ఆ కొట్టు పక్క సందులో ఉన్న ల్యాబులో రక్తమిచ్చాను. సున్నా పాయింట్ ఎనిమిది. ఎవరైనా సంతోషిస్తారు. నేను ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చేసరికి ల్యాబాయన, అబ్బా ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఆయనకు అబ్బా ఎప్పటినుంచో తెలుసట. ఆయనింట్లో ఉన్న గరిటెలన్నీ అబ్బా చెక్కినవేనట. నా సంతోషం అక్కడికక్కడే పోయింది. తెలిసినాయన కూతురు, చిన్నపిల్ల, భయపడుతుందిలే అని జాలిపడి మంచి అంకె వేశాడనుకున్నాను. చెడ్డ రిపోర్టును ఒకటి రెండు అనుమానాలతో వదిలేశాను కానీ, మంచి రిపోర్టును మాత్రం పది రకాలుగా అనుమానించాను. దయగలవాళ్లు అబద్ధం సులువుగా చెబుతారని నాకు అప్పటికే తెలుసు.

నెలాగి ఆత్మకూరు పోయేరోజు దాదీ ఇంకాస్త ముందే లేచింది. పోయినసారి ఫాతెహా చదివింపులో ఏదో లోటు జరిగింది, అందుకే రిపోర్టు చెడిందని ఆమె తీర్పు. కాళ్లు పీకితే మేక కాళ్ల పాయా, తల తిరిగితే భేజా, కిడ్నీకి మేక గుర్దా. దాదీ వైద్యం మొత్తం ఇంతే, ఏ భాగం బలహీనపడితే మేకలో ఆ భాగం తినాలి. మటన్ షేర్వాతో పాటు గుర్దా వేపుడు కూడా చేసింది. అబ్బా ఫాతెహా చదివేటప్పుడు మామూలుకన్నా ఎక్కువసేపు కళ్లు మూసుకున్నాడు. దాదీ మొదటి ముద్ద నా నోట్లో పెట్టి, "తిను బేటీ. నీ గుర్దాకు ఈ గుర్దా కాపలా" అంది. ఇంట్లో అందరూ నా ప్లేటులోకి తొంగిచూసేవాళ్లే. దాదీ ఒక్కతే నా ముఖంలోకి చూస్తూ వడ్డించేది.

ఆత్మకూరులో డాక్టరు గది బయట బెంచీ మీద షుగరోళ్లు వరసగా కూర్చుంటారు. లోపలికి పోగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న, పొద్దున ఏం తిన్నావు? బెంచీ మీద వాళ్లందరి జవాబూ ఒక్కటే, రెండిడ్లీలు. పూరీలు తినొచ్చినవాళ్లూ రెండిడ్లీలే, అరటిపండ్లు చేతిసంచిలో ఉన్నవాళ్లూ రెండిడ్లీలే. ఇంకేం చెప్పినా తిట్లు తప్పవని అందరికీ తెలుసు. తలుపు తెరిచి ఉంటే ఆ మాట వరసగా వినిపిస్తుంది, ఎవరికీ నవ్వు రాదు. మా వంతు వచ్చినప్పుడు అమ్మీ నేను నోరు తెరిచేలోపే చెప్పేసింది.

"రెండిడ్లీలు సార్."

డాక్టరు రాసుకున్నాడు. ఆ రోజు ల్యాబులో నా ట్యూబు మీద నా పేరు రాసేదాకా నేను సిరంజి ముట్టనివ్వలేదు. రాశాక చదివి, ఇంటిపేరు కూడా రాయించాను. రక్తం తీసే అమ్మాయి విసుక్కుంది. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. ఒకటి పాయింట్ నాలుగు.

ఇక ముసలాయన రక్తం అని తప్పించుకునే దారి లేదు. ట్యూబు నాదే, పేరు నాదే. సాక్సు లోపల పాదాలు వాచినట్టే అనిపించింది. వింజమూరు కాగితం తీసి డాక్టరు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూసి, వేరే చోట, వేరే మెషిన్, పోల్చి చెప్పలేం అని పక్కన పెట్టాడు. తర్వాత చాలాసేపు నా పాత కాగితాలన్నీ తిరగేశాడు.

"నాకు ఇది నచ్చలేదు. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతింటే ముందు మూత్రంలో ప్రోటీన్ పోవాలి. నీకు చుక్క కూడా పోవడం లేదు. బీపీ మామూలుగా ఉంది. ఇదొక్కటే పెరుగుతోంది. ఒకటికొకటి అతకడం లేదు" అన్నాడు.

ఆ డాక్టరు మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. ఆయన కూడా అనుమానం మనిషే.

ఇంకో పరీక్ష ఉంది, సిస్టాటిన్ సి అంటారు, ఇక్కడ చేయరు, మద్రాసు పంపాలి అన్నాడు. అది కూడా కిడ్నీలు వడకట్టేదే కానీ, కండ నుంచి రాదట. ఒంట్లో ప్రతి కణం నుంచీ కొంచెం కొంచెం వస్తుందట. మనిషి బక్కగా ఉన్నా, బలంగా ఉన్నా, ఏం తిన్నా, ఏం తినకపోయినా దాని పద్ధతి పెద్దగా మారదట. అది కూడా పెరిగి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా నెల్లూరులో కిడ్నీ డాక్టరు దగ్గరికి పోవాలన్నాడు. నెల్లూరు అనగానే అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఇంట్లో నెల్లూరు అంటే చిచ్చా పోయివచ్చిన ఊరు. మరోసారి రక్తమిచ్చి వచ్చేశాం. ఆ ట్యూబు ఎండలో ఏ బస్సులో, ఎవరి పెట్టెలో మద్రాసు పోతుందో, దారిలో చెడిపోతే ఏం అంకె వస్తుందో అని దారంతా అదే ఆలోచన.

ఆ రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ మామూలుగా మాట్లాడలేదు. నేను గదిలోకి రాగానే మాటలు ఆగేవి. ఒకసారి తలుపు చాటు నుంచి విన్నాను. అబ్బా అంటున్నాడు, "అవసరమైతే నాది ఒకటి ఇచ్చేస్తా. దానికి చెప్పబాకు." ఆయన ఇస్తానంటున్నది ఏమిటో నాకు అర్థమైంది. నేను దొడ్లోకి పోయి, కడుపు నొప్పెట్టేదాకా ఏడ్చాను. వీళ్లకు ఏదో తెలుసు, నాకు చెప్పడం లేదు అన్న అనుమానం ఆ రోజు రూఢి అయిపోయింది. నిజానికి వాళ్లకూ నాకు తెలిసినంతే తెలుసు.

డాక్టరు పిలిచాడని ల్యాబు నుంచి ఫోన్ వస్తే అబ్బా కూడా పని ఆపి మాతో వచ్చాడు. లోపలికి పోగానే డాక్టరు మా ముగ్గురి ముఖాలూ చూసి ముందే చెప్పేశాడు.

"కూర్చోండి. సిస్టాటిన్ మామూలుగా ఉంది. చక్కగా ఉంది. మరి క్రియాటినిన్ ఎందుకు పెరుగుతోందో నాకిప్పుడు తెలియాలి. ఇక్కడికి వచ్చే రోజుల్లో పొద్దున ఏం తింటోంది ఈ అమ్మాయి?"

"రెండిడ్లీలు సార్" అంది అమ్మీ.

"మిమ్మల్ని కాదమ్మా. నువ్వు చెప్పు."

నేను అమ్మీ వైపు చూశాను. అబద్ధం బయటపడితే ఈయన ఇక మమ్మల్ని చూడడేమోనని ఒక భయం. చెప్పకపోతే ఇక ఎప్పటికీ తేలదని ఇంకో భయం. "మటన్ షేర్వా సార్" అన్నాను. "పొద్దున్నే. ఎక్కువే. పోయినసారి గుర్దా కూడా." ఆ తర్వాత ఫాతెహా సంగతి, దాదీ పద్ధతి, అన్నీ చెప్పేశాను. అమ్మీ నేల చూపులు చూస్తోంది.

డాక్టరు తిట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి, పెద్దగా ఊపిరి వదిలాడు. "మాంసమంటే కండే కదమ్మా. దాన్ని అంతసేపు ఉడికిస్తే అందులోని పదార్థమే క్రియాటినిన్‌గా మారి పులుసులోకి దిగుతుంది. అది తాగి మీరు బస్సెక్కి వచ్చి రక్తమిచ్చారు. ఇంతకాలం నేను చూసింది ఈ పిల్ల కిడ్నీని కాదు, మేకపోతును. కొన్ని గంటలు పోతే అదంతా వెళ్లిపోతుంది. దానివల్ల ఈమెకు ఏ నష్టమూ లేదు" అన్నాడు. పరగడుపున వచ్చిన రోజుల్లో ఎందుకు పెరగలేదో, వింజమూరులో సాంబారన్నం తిన్నాక ఎందుకు పెరగలేదో నాకు అప్పుడు తెలిసింది. ఆ ల్యాబాయన నిజమే రాశాడు. అబ్బా పక్కకు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

తేల్చుకోవడానికి ముందురోజు నుంచి మాంసం ముట్టకుండా ఇంకోసారి రమ్మన్నాడు. దాదీకి ఏం చెప్పాలన్నది పెద్ద సమస్య అయింది. ఈసారి పరగడుపున రమ్మన్నాడని అమ్మీ చెప్పింది. దాదీ గొణిగి ఊరుకుంది. అంకె సున్నా పాయింట్ ఎనిమిది వచ్చింది. ఆ కాగితాన్ని మాత్రం నేను అనుమానించలేదు. మాతో వచ్చిన అబ్బా బస్టాండు బయట నా తల మీద చెయ్యి పెట్టి కాసేపు అట్లాగే ఉంచాడు.

ఇంటికొచ్చి అంతా బాగుందని చెబితే దాదీ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకుని, "చూసినారా. గుర్దా పని చేసినాది. మూణ్ణెల్లకు మళ్లా పోతారు గదా, ఈసారి ఇంకా బాగా చేస్తా" అంది. అబ్బా, అమ్మీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మళ్లీ ఆ గుసగుసలు మొదలవుతాయని నాకు అర్థమైంది. ఇంకో మూడు నెలలకు ఇంకో అబద్ధం, ఆ తర్వాత ఇంకోటి. నాకు ఓపిక లేదు. దాదీ పక్కన కూర్చుని డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. నీ షేర్వా వల్ల నాకేం కాలేదు దాదీ, రక్తంలో అంకె మాత్రం తప్పు చూపించింది, అంతే అని రెండుసార్లు చెప్పాను.

దాదీ విన్నది. తల ఊపింది. తర్వాత పొయ్యి వైపు చూసి, మెల్లిగా అబ్బాను అడిగింది.

"మరి చిన్నోడు? వాడికీ నేనే పెట్టి పంపిస్తి గదా. నెల్లూరు పోయే పొద్దల్లా."

వారానికి రెండుసార్లు, వాంతులవుతున్నా, వద్దమ్మీ అంటున్నా, మొదటి ముద్ద తినకుండా దాదీ చిచ్చాను గడప దాటనిచ్చేది కాదు. మాకందరికీ అది గుర్తుంది. "దానికీ దీనికీ సంబంధం లేదు అమ్మీ" అన్నాడు అబ్బా దాదీతో. నేనూ అదే అన్నాను. దాదీ మా నోళ్ల వైపు చూస్తూ కూర్చుంది. మూడు నెలలు గడిచేదాకా ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. అడగలేదు కానీ, ఇంట్లో మాంసం వండడం మానేసింది.

తర్వాత నేను ఆత్మకూరు పోయే రోజు దాదీ తెల్లచీర కట్టుకుని, బురఖా వేసుకుని గడప దగ్గర నిలబడింది. నేనూ వస్తా అంది. మోకాళ్లు వంగని మనిషి, అంత దూరం బస్సులో కూర్చుని వచ్చింది. డాక్టరు గదిలో నా సంగతి ఒక్క ముక్క అడగలేదు. పోయిన కొడుకు గురించి అడిగింది. ఎన్నేళ్లు షుగర్ ఉన్నది, ఎప్పుడు కాళ్లు వాచినవి, ఆమె ఏం పెట్టింది, వాడు ఎట్లా వద్దన్నాడు, అంతా చెప్పింది. బయట బెంచీ మీద జనం ఉన్నా డాక్టరు ఆమె మాట తుంచలేదు. అంతా విని, ఆమె వైపు వంగి నెమ్మదిగా చెప్పాడు.

"మీ అబ్బాయి కిడ్నీలు షుగర్ వల్ల పోయాయమ్మా. మీరు పెట్టిన తిండి వల్ల కాదు. మీ తప్పేం లేదు."

దాదీ ఆయనకు దండం పెట్టి లేచింది. నేను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. నాకు లోపల హాయిగా ఉంది. డాక్టరు నోటితో విన్నది, ఇక నెమ్మదిస్తుంది అనుకున్నాను.

"మంచాయన" అంది దాదీ, బస్సు ఊరు దాటాక. "ముసిల్దాని మనసు నొప్పించగూడదని అట్ట చెప్పినాడు."

ఆమె చోట నేనున్నా అదే అనుకునేదాన్ని.